ఉద్యమం ముగిసిన మర్నాడు

ఏలూరు లోక్‌సభ స్థానానికి సంబంధించి చాలామందికి గుర్తులేని విషయం ఒకటుంది. 1957లో ఇక్కడి ఓటర్లు కాంగ్రెస్ తరఫున మోతే వేదకుమారిని ఢిల్లీకి పంపారు. 1962లో ఆ పార్టీని కాదని కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి వి. విమలాదేవిని గెలిపించారు. వరసగా రెండు సాధారణ ఎన్నికలు, రెండు పార్టీలు, ఇద్దరు మహిళలు. ఆ తరవాత 1967 నుంచి 2024 దాకా ఏ సాధారణ ఎన్నికలోనూ ఏలూరు నుంచి మహిళ గెలవలేదు. పల్లెల్లో చదువుకున్న ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది ఉన్న రోజుల్లో జరిగిన పని, ఇంజినీరింగ్ కాలేజీల నిండా అమ్మాయిలున్న కాలంలో ఎందుకు జరగలేదన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆ ఇద్దరూ గాలివాటున గెలిచినవాళ్లు కారు. వాళ్ల వెనక ఉద్యమాలున్నాయి. 1921లో గాంధీ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఏలూరు ఆడపడుచు మాగంటి అన్నపూర్ణమ్మ ఒంటి మీది నగలన్నీ తీసి ఇచ్చేశారు. 1927లో ఆమె చిన్న వయసులోనే చనిపోతే గాంధీ తన పత్రికలో నివాళి రాశారు. గోదావరికి అవతలి ఒడ్డున దువ్వూరి సుబ్బమ్మ, దుర్గాబాయి జైళ్లకు వెళ్లారు. 1940లలో కమ్యూనిస్టుల మహిళా సంఘాలు కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో ఆడవాళ్లను ఇంటి గడప దాటించి సభల దాకా తీసుకొచ్చాయి. ఆ రెండు ఉద్యమాల వేడి ఇంకా చల్లారని కాలంలో వచ్చిన గెలుపులవి. వేడి తగ్గాక పార్టీలు పాత లెక్కలకు వెళ్లిపోయాయి. కులం, డబ్బు, మగవాళ్ల బంధుబలగం తూచి టికెట్లు ఇవ్వడం మొదలైంది. మహిళకు ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు.

2011 తరవాత అరబ్ దేశాల గురించి ప్రపంచమంతా అడిగింది కూడా ఈ ప్రశ్నే. కైరో తహ్రీర్ చౌకులో, ట్యునీషియా వీధుల్లో, యెమెన్ రాజధాని సనా గుడారాల్లో ఆడవాళ్లు ముందు వరసలో నిలబడ్డారు. యెమెన్‌కు చెందిన తవక్కుల్ కర్మాన్‌కు ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నియంతలు దిగిపోయాక ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోయారు? ఈ పదిహేనేళ్ల అనుభవాన్ని మన అనుభవం పక్కన పెట్టి చదివితే రెండు సంగతులు తేలతాయి. రోడ్డు మీద సంపాదించిన చోటు ఎన్నికల నియమాల్లోకి ఎక్కకపోతే ఒక తరంతో పోతుంది. నియమంలోకి ఎక్కినా, మహిళలు కుర్చీ దాకా వచ్చేసరికి అధికారం ఆ కుర్చీలో ఉండకుండా వేరే చోటికి వెళ్లిపోతుంది. మొదటి సంగతి గురించి బోలెడంత రాశారు. రెండో దాని గురించి రాసింది తక్కువ. మనకు ఎక్కువగా తగిలేది అదే.

ఈజిప్టు కథ చాలా పాతది. 1919లో బ్రిటిష్ వాళ్లకు వ్యతిరేకంగా జరిగిన తిరుగుబాటులో పరదా చాటు నుంచి స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1923 నాటి రాజ్యాంగం, ఎన్నికల చట్టం వాళ్లకు ఓటు ఇవ్వలేదు. ఆ ఏడాదే హుదా షారావీ స్త్రీల సంఘం పెట్టారు. 1951లో దోరియా షఫీక్ సుమారు 1500 మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని పార్లమెంటు భవనంలోకి చొచ్చుకువెళ్లారు. ఓటు చేతికొచ్చింది 1956లో. అంటే తిరుగుబాటుకూ ఓటుకూ మధ్య 37 ఏళ్ల ఎడం. 2011లోనూ అదే తంతు. నియంత ముబారక్ దిగిపోయిన నెలలోనే రాజ్యాంగ సవరణల కోసం వేసిన కమిటీలో ఒక్క మహిళ లేదు. మార్చి 8న తహ్రీర్‌లో మహిళా దినోత్సవ ఊరేగింపు తీస్తే మగవాళ్ల గుంపులు తరిమికొట్టాయి. మర్నాడు సైన్యం పట్టుకెళ్లిన యువతులకు కన్యత్వ పరీక్షలు చేశారు. బాధితురాలు సమీరా ఇబ్రహీం కోర్టుకు వెళ్లి, అలాంటి పరీక్షలు చెల్లవన్న తీర్పు తెచ్చుకున్నారు. ముబారక్ కాలంలో పెట్టిన 64 సీట్ల మహిళా కోటాను పాత పాలన గుర్తుగా భావించి తీసేశారు. కొత్త పార్లమెంటులో మహిళలు రెండు శాతం దగ్గర ఆగిపోయారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ కోటాను కూల్చినవాళ్లందరూ స్త్రీ ద్వేషులు కారు. ముబారక్ భార్య సుజాన్ పేరు మీద చెలామణీ అయిన చట్టాలన్నీ నియంత పెట్టిన భిక్ష అన్న కోపం జనంలో ఉంది. పైనుంచి దయగా వచ్చిన హక్కుకు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చిన చెయ్యి పడిపోతే హక్కూ పడిపోతుంది.

ట్యునీషియా వేరే దారి పట్టింది. 2011లోనే పార్టీల జాబితాల్లో ఒక మగ పేరు, ఒక ఆడ పేరు వంతులవారీగా ఉండాలని చట్టం చేశారు. పార్టీలు జాబితా మొదటి పేరు మగవాళ్లకే ఇచ్చాయి. చాలా జాబితాల నుంచి గెలిచేది ఒక్కరే కాబట్టి రాజ్యాంగ సభలో మహిళలు దాదాపు నాలుగో వంతు దగ్గర నిలిచారు. ఆ లొసుగును ట్యునీషియా స్త్రీలు పట్టుకున్నారు. పురపాలక ఎన్నికలకు వచ్చేసరికి జాబితాల తలపేర్లలో కూడా సగం మహిళలే ఉండాలని నియమం తెచ్చుకున్నారు. 2018లో గెలిచిన కౌన్సిలర్లలో 47 శాతం మహిళలు. రాజధాని ట్యునిస్‌కు సుఆద్ అబ్దుర్రహీం మొదటి మహిళా మేయర్ అయ్యారు.

ఆ తరవాత జరిగింది మనం జాగ్రత్తగా చదవాలి. అధ్యక్షుడు కైస్ సయీద్ 2021లో అధికారాన్ని గుప్పిట్లోకి తీసుకున్నారు. 2022 సెప్టెంబరులో జాబితాల పద్ధతి ఎత్తేసి, సమానత్వ నియమాన్ని కూడా తీసేశారు. 2023 మార్చిలో పురపాలక కౌన్సిళ్లనే రద్దు చేశారు. సగం దాకా మహిళలు నిండిన సభలు ఒక్క ఉత్తర్వుతో పోయాయి. అల్జీరియాలో ఇంకో రకం. ఫ్రెంచి వాళ్లతో యుద్ధంలో జమీలా బూహిరెద్ వంటి వాళ్లు చావును ఎదిరించి పోరాడారు. స్వాతంత్ర్యం వచ్చిన 22 ఏళ్లకు, 1984లో, భార్యను భర్త చెప్పుచేతల్లో ఉంచే కుటుంబ చట్టం వచ్చింది. 2012లో కోటా పెట్టాక పార్లమెంటులో మహిళలు 31 శాతానికి ఎగబాకారు. 2021లో అభ్యర్థుల్లో సగం ఆడవాళ్లే ఉండాలంటూనే, జాబితాలో నచ్చిన పేరుకు ఓటరే టిక్కు పెట్టే పద్ధతి తెచ్చారు. 407 మందిలో 34 మంది మహిళలు మిగిలారు. కాగితం మీద నియమం బలపడింది, సభలో మహిళల వాటా 2012 నాటి దానిలో నాలుగో వంతుకు పడిపోయింది. ఎన్నికల పద్ధతిలో ఒక్క మెలిక ఎంత పని చేస్తుందో ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు దొరకలేదు.

మన వైపు వద్దాం. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు చేసిన పనికి లెక్కలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దొర మనుషులకు పంట దక్కనివ్వలేదు. మల్లు స్వరాజ్యం దళంలో తుపాకి పట్టారు. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు గెలిచి, మరో రెండుసార్లు నిలబెట్టుకున్నారు. స్వరాజ్యం 1978, 1983ల్లో తుంగతుర్తి నుంచి గెలిచారు. ఇలాంటి పేర్లు కొన్నే. 1951లో ఆయుధాలు దించాక మిగతా వందలమందికి ఏమైందో తెలుసుకోవడానికి స్త్రీశక్తి సంఘటన ఊరూరా తిరిగి వాళ్ల మాటలు రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ పుస్తకం చదివినప్పుడు గుండెను పట్టేసేది పోరాటం కాదు, పోరాటం ఆగిన తరవాతి రోజులు. అడవిలో తెగువ చూపినవాళ్లను ఇళ్లకు వెళ్లి పెళ్లిళ్లు చేసుకోమన్నారు. ఊళ్లో వాళ్లను అనుమానంగా చూశారు.

కమ్యూనిస్టు కార్యకర్త కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం ఈ సంగతినే దగ్గరగా చూపిస్తుంది. చిన్నప్పుడే వైధవ్యం, మళ్లీ పెళ్లి, పార్టీకి నగలు ఇచ్చేయడం, అజ్ఞాతవాసం, పిల్లల్ని ఇతరుల దగ్గర వదలడం. భర్త సీతారామయ్య విడిచి వెళ్లాక మధ్య వయసులో చదువు మొదలుపెట్టి, కాకినాడలో అమ్మాయిల హాస్టల్ మేట్రన్‌గా పొట్టపోసుకున్నారు. 2012లో, తొంభై దాటాక, ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ వచ్చింది. భర్త తరవాత స్థాపించిన పార్టీ మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. ఆమె మాట వినడానికి తెలుగు సమాజానికి అర్ధశతాబ్దం పైన పట్టింది.

మన రెండో పెద్ద ఉద్యమం సారా మీద. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. రాత్రి బడిలో తాగుబోతు భర్త పాఠం చదివిన ఆడవాళ్లు, అది తమ కథేనని గుర్తుపట్టారు. పొద్దున్నే కట్టకట్టుకుని వెళ్లి సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అధికారులు తేదీ వేయడం, ఆడవాళ్లు అడ్డుపడటం, వాయిదా పడటం. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచి, 1995 జనవరిలో అమలుపెట్టారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది.

ప్రభుత్వాన్ని కదిలించిన ఆ ఆడవాళ్లలో ఎంతమందికి పార్టీలు టికెట్లు ఇచ్చాయి? రోశమ్మకు దండలు వేశారు, సన్మానాలు చేశారు, శాసనసభకు మాత్రం పంపలేదు. వాళ్లకు దొరికింది పొదుపు సంఘం. నెల్లూరులో మొదలైన పొదుపు కార్యక్రమం డ్వాక్రాతో కలిసి, తరవాత వెలుగు అయి ఊరూరా పాకింది. పొదుపు సంఘాలను తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. బ్యాంకు గడప తొక్కించింది అవే, వడ్డీ వ్యాపారి కాళ్లు పట్టుకునే పని తప్పించింది అవే. అయినా, సారా పాట ఆపించిన మనిషి సంఘం సభ్యురాలైంది, సభ్యురాలు లబ్ధిదారైంది, లబ్ధిదారు చివరికి సభకు లారీలో తరలించే జనమైంది. ఉద్యమంలో ఆమె అడిగింది ప్రభుత్వాన్ని. సంఘంలో ఆమె జవాబు చెప్పేది ప్రభుత్వానికి. ఆ తేడాకు మనం చాలా మూల్యం చెల్లించాం.

2022 మార్చిలో ఏలూరు లోక్‌సభ పరిధిలోని జంగారెడ్డిగూడెంలో కొద్దిరోజుల తేడాలో వరస చావులు జరిగాయి. కల్తీ సారా తాగే పోయారని ప్రతిపక్షం, సహజ మరణాలని ప్రభుత్వం వాదించుకున్నాయి. శాసనసభ దద్దరిల్లింది. చనిపోయినవాళ్లు రెక్కాడితేగాని డొక్కాడని మగవాళ్లు. మైకుల ముందుకు వచ్చి మాట్లాడింది వాళ్ల భార్యలు, తల్లులు. దూబగుంటకు ముప్పై ఏళ్ల తరవాత కూడా ఆడవాళ్లు ఏడుపుతోనే రాజకీయ వార్తల్లోకి రావలసి వచ్చింది. సారా బట్టీ ఎక్కడుందో, ఎవరి అండతో నడుస్తోందో వాడలో ప్రతి ఇల్లాలికీ తెలుస్తుంది. ఆ తెలివిడికి అధికారం తోడైతే పరిస్థితి వేరుగా ఉండేదని నా నమ్మకం.

తెలంగాణ రాష్ట్ర ఉద్యమం మరీ దగ్గరిది. రోడ్ల మీద బతుకమ్మలు ఆడారు, వంటావార్పు చేశారు, రైళ్లకు అడ్డంగా కూర్చున్నారు. 2014 జూన్ 2న కొలువుదీరిన మొదటి మంత్రివర్గంలో ఒక్క మహిళ లేదు. 2019 సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ చేరేదాకా అయిదేళ్లకు పైగా అదే పరిస్థితి. రాష్ట్రం కొత్తది. మంత్రివర్గం మాత్రం మగవాళ్లది. నక్సలైటు దళంలో పనిచేసి బయటికొచ్చిన సీతక్క 2023లో మంత్రి కావడం ఈ వరసలో మినహాయింపు. ఆమె ములుగు గిరిజన రిజర్వుడు స్థానం నుంచి గెలిచారన్నది గమనించాలి.

ఎందుకంటే జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల కూడా అదే కనిపిస్తుంది. ఈ పట్టణం ఉన్న చింతలపూడి ఎస్సీ రిజర్వుడు స్థానం. ఇక్కడి నుంచి పీతల సుజాత 2014లో గెలిచి మంత్రి అయ్యారు. పక్కనే ఉన్న గోపాలపురం కూడా ఎస్సీ స్థానమే. 2009లో అక్కడ గెలిచిన తానేటి వనిత, 2019లో కొవ్వూరు నుంచి గెలిచి, 2022లో హోంమంత్రి అయ్యారు. ఆమెకు ముందు మేకతోటి సుచరిత, తరవాత వంగలపూడి అనిత. ముగ్గురూ దళిత మహిళలే. జనరల్ సీట్లలో భూస్వామ్య, వ్యాపార కుటుంబాల మగవాళ్లు వరసలో నిలబడి ఉంటారు. ఆ వరస పలచగా ఉన్నచోటే మహిళకు సందు దొరుకుతోంది. అందుకే మహిళా కోటా అంటే పెద్దింటి ఆడవాళ్లకు లాభమన్న పాత వాదన మన అనుభవానికి పూర్తిగా పొసగదు.

పంచాయతీల సంగతి వేరే. 73వ రాజ్యాంగ సవరణతో మూడో వంతు, 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంతో సగం. కొల్లేటి లంకల్లో, ఏజెన్సీ అంచున బుట్టాయగూడెంలో, తాడేపల్లిగూడెం చుట్టూ పల్లెల్లో ఇప్పుడు ప్రతి రెండో ఊరికీ మహిళే సర్పంచ్. ట్యునీషియా 2018లో చేరిన చోటికి మనం కొన్నేళ్ల ముందే చేరాం. ఏ అరబ్ దేశపు స్త్రీ సంఘమైనా ఈర్ష్యపడే సంగతి ఇది.

అయినా మండల సర్వసభ్య సమావేశానికి వెళ్లి చూడండి. ముందు వరసలో కొందరు సర్పంచ్‌ల పక్కన భర్తలు కూర్చుని ఉంటారు. రోడ్ల శాఖ ఇంజినీరును నిలదీసేది భర్త. తీర్మానాల పుస్తకం వచ్చినప్పుడు వేలు పెట్టి ‘ఇక్కడ’ అని చూపించేది భర్త, సంతకం ఆమెది. ఊళ్లో ‘ప్రెసిడెంటు గారు’ అంటే జనం ఆయనవైపే చూస్తారు. ఫ్లెక్సీలో ఆమె ఫొటో పక్కన ఆయన ఫొటో అంతే సైజులో ఉంటుంది. సుప్రీంకోర్టు సూచన మీద కేంద్రం వేసిన కమిటీ ఈ పెత్తనం మీద 2025లో నివేదిక ఇస్తూ కఠినమైన శిక్షలు ఉండాలంది. శిక్షలతో ఇది ఎంత పోతుందో నాకు అనుమానమే. శిక్ష పడితే సర్పంచ్ పదవికే ఎసరు వస్తుంది, దెబ్బ తినేది ఆమె.

అసలు ఆమెకు ఏం ఇచ్చి కూర్చోబెట్టాం? ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. ఆటో ఖర్చులకు చాలదు. 2019లో సచివాలయాలు, వాలంటీర్లు వచ్చాక పింఛను, ఇంటిస్థలం, రేషన్ వంటి పనులన్నీ పంచాయతీని దాటుకుని పోయాయి. ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచ్‌లు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. మహిళలు సగం కుర్చీల్లో కూర్చున్న కాలంలోనే ఆ కుర్చీలు ఖాళీ అయ్యాయి. ట్యునీషియాలో సయీద్ కౌన్సిళ్లను ఉత్తర్వుతో రద్దు చేశారు. మన దగ్గర రద్దు చేయకుండానే పని తీసేశారు. ఎవరూ మహిళల మీద పగబట్టి చేసిన పని ఇది కాకపోవచ్చు. ఫలితం మాత్రం ఎక్కువగా ఆమె మీదే పడింది.

ఇద్దరు పిల్లల నిబంధన ఇలాంటిదే. 1994 పంచాయతీ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను పోటీకి అనర్హులను చేసింది. ఎంతమందిని కనాలో తన చేతుల్లో లేని ఆడదాన్ని, కన్నందుకు పోటీకి రానివ్వలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ నిబంధనను 2024 నవంబరులో తీసేసింది. తీసేయడానికి కారణం మహిళల హక్కు కాదు, జనాభా తగ్గుతోందన్న బెంగ. కారణం ఏదైతేనేం, తలుపు తెరుచుకుంది.

అరబ్ దేశాలు ఈ ప్రాంతానికి దూరపు మాటేమీ కాదు. గోదావరి జిల్లాల నుంచి వేలమంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్లారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ డాబాలు లేచాయి, పిల్లలు చదివారు. కువైట్ మహిళలకు 2005లో ఓటుహక్కు వచ్చింది, 2009లో నలుగురు గెలిచారు, 2024 మే నెలలో పార్లమెంటునే పక్కన పెట్టారు. ఆ యజమానురాళ్లు ఓటు సంపాదించుకుని పోగొట్టుకుంటున్న ఇళ్లలోనే మన ఊరి ఆడవాళ్లు అంట్లు తోముతూ, పిల్లల్ని ఎత్తుకుంటూ ఉన్నారు. వాళ్లకు అక్కడ ఓటు లేదు. ఇక్కడ ఓటు వేయాలంటే విమానమెక్కి స్వయంగా రావాలి. ఈ జిల్లాల్లో మహిళల రాజకీయ భాగస్వామ్యం అని లెక్కలు వేసేటప్పుడు ఈ వేలమందిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కుటుంబాన్ని నిలబెట్టిన మనిషి గ్రామసభలో లేదు.

పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో 2004లో వెలువరించిన పరిశోధన, మహిళ అధ్యక్షురాలైన ఊళ్లలో తాగునీటి వంటి పనుల మీద ఎక్కువ ఖర్చు జరిగిందని చూపింది. తరవాత 2009లో లోరీ బీమన్, డుఫ్లో ఇతరులతో కలిసి చేసిన అధ్యయనం ఇంకా విలువైనది. ఒక ఊళ్లో రెండు విడతలు మహిళకు రిజర్వేషన్ వస్తే, ఆ తరవాత రిజర్వేషన్ లేకపోయినా అక్కడ మహిళలు పోటీచేయడం, గెలవడం పెరిగింది. జనం చూపు మారడానికి ఒక్క అయిదేళ్లు చాలవు. భర్త చాటున సంతకం పెట్టిన మొదటి ఏడాది మనిషి, నాలుగో ఏడాదికి పైపులైను ఎందుకు ఆగిందో తెలుసుకోవడానికి తనే ఎంపీడీవో దగ్గరకు వెళ్లడం ఈ ప్రాంతంలో ఎన్నో ఊళ్లలో జరుగుతోంది. సరిగ్గా అప్పుడే రొటేషన్ వచ్చి సీటు జనరల్ అవుతుంది. పని నేర్చుకున్న మనిషిని పార్టీ పక్కకు జరుగు అంటుంది.

పార్లమెంటు, శాసనసభల్లో మూడో వంతు సీట్ల కోసం 2023 సెప్టెంబరులో చేసిన 106వ సవరణలోనూ ఇదే బలహీనత ఉంది. జనగణన, పునర్విభజన అయ్యాకే అమలు, ఆ తరవాత ప్రతి పునర్విభజనకూ సీట్ల మార్పు. ఏలూరు ఒకసారి మహిళకు దక్కవచ్చు. ఆమె నిలదొక్కుకునేసరికి చేజారవచ్చు. 1957, 1962 గెలుపులు నిలవకపోవడానికి వెనక నియమం లేకపోవడం కారణం. ఈసారి నియమం ఉంటుంది. ఆమెకు వరసగా రెండు విడతలు సమయం ఉంటుందా అన్నది ఇంకా తేలాలి.

రాబోయే పంచాయతీ ఎన్నికల్లో నేను చూడబోయేది మహిళా సీట్ల సంఖ్య కాదు, అది చట్టమే చూసుకుంటుంది. చింతలపూడి, జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం మండలాల్లో ఈ విడత మహిళకు ఉండి వచ్చే విడత జనరల్‌గా మారే ఊళ్లలో, ఇప్పటి మహిళా సర్పంచ్‌లు ఎంతమంది మళ్లీ నామినేషన్ వేస్తారు, వాళ్లలో ఎంతమందికి పార్టీలు మద్దతిస్తాయి అన్నదే నేను లెక్కపెడతాను.